ఫారం-జి: ఒక్క పేజీ పనితనం

కడుపులో ఉన్న బిడ్డకు తలసీమియా ఉందో లేదో తేల్చాలంటే, మన దేశంలో డాక్టరు సూది చేతిలోకి తీసుకునే ముందు ఒక కాగితం పూర్తి కావాలి. దాని పేరు ఫారం-జి. లింగ నిర్ధారణను నిషేధిస్తూ 1994లో పార్లమెంటు చేసిన చట్టానికి 1996లో నియమాలు రాశారు. అందులో పదో నియమం వెంట వచ్చే సమ్మతి పత్రం ఇది. 2003 సవరణల తర్వాత ఇప్పుడున్న రూపానికి వచ్చింది. పేజీ కూడా నిండదు. గర్భిణి పేరు, వయసు, చిరునామా, ఆ తర్వాత ఐదు మాటలు, వాటి కింద ఆమె సంతకం, దాని కింద డాక్టరు ఇచ్చే ధ్రువీకరణ, సీలు. అంతే.

జన్యుపరీక్షల మంచిచెడ్డల గురించి చదివినప్పుడల్లా పెద్ద పెద్ద ప్రశ్నలు ఎదురవుతాయి. పుట్టబోయే బిడ్డ ఎలా ఉండాలో మనిషి నిర్ణయించవచ్చా? జబ్బు ఎక్కడ ఆగుతుంది, కోరిక ఎక్కడ మొదలవుతుంది? తెలుసుకునే హక్కు ఎవరిది, తీర్పు చెప్పే హక్కు ఎవరిది? ఈ ప్రశ్నలన్నిటినీ ఎవరో ఒక గుమాస్తా భాషలో, ఐదు పొడి వాక్యాల్లో కట్టిపెట్టారు. ఎవరు రాశారో నాకు తెలియదు. ఏ ఉపోద్ఘాతమూ లేని ఆ వాక్యాల దగ్గర ఆగి, వాటిని ఎలా అల్లారో చూడాలని ఈ వ్యాసం.

నేను చూసే చోటు డిండోలి. సూరత్‌కు ఆగ్నేయంగా, ఉధ్నా నుంచి జల్‌గావ్ వైపు పోయే రైలు మార్గం పక్కన పెరిగిన బస్తీ. డిండోలి, లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో తెలుగువాళ్ల ఇళ్లు చాలా ఉన్నాయి. వరంగల్, కరీంనగర్, నల్లగొండ వైపు నుంచి పవర్‌లూమ్ పని కోసం తరాల కిందట వచ్చిన పద్మశాలీ కుటుంబాలే వీళ్లలో ఎక్కువ. మగవాళ్లు మగ్గాల షెడ్లలో రెండు షిఫ్టుల్లో నిలబడితే, ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని చీరలకు లేసులు కుడతారు, స్టోన్లు అంటిస్తారు. సూరత్ మున్సిపాలిటీ తెలుగు మీడియం బడులు కూడా నడుపుతోంది. అయినా ఆస్పత్రి కౌంటరు దగ్గర మాత్రం గుజరాతీ, కాస్త హిందీ. పెళ్లై ఏడాది కిందట తెలంగాణ నుంచి వచ్చిన అమ్మాయికి రెండూ రావు.

సరిగ్గా ఆ అమ్మాయిని చట్టం మరిచిపోలేదు. పరీక్షకు సమ్మతి ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా తీసుకోవాలని, దాని నకలు ఆమె చేతికి ఇవ్వాలని ఐదో సెక్షన్ చెబుతుంది. నియమాలు ఇంకో మెట్టు దిగాయి. రాష్ట్ర ప్రభుత్వాలు తమ దగ్గర వాడుకలో ఉన్న భాషల్లోకి ఫారం-జిని అనువదించి ఇవ్వవచ్చు. ఆమెకు తెలిసిన భాషలో అధికారిక అనువాదం దొరక్కపోతే, క్లినిక్కే అనువాదం చేసుకోవచ్చు. సొంత రాష్ట్రం వదిలి బతుకుతెరువుకు వెళ్లిన ఆడమనిషి ఒకరోజు ఈ కాగితం ముందు కూర్చుంటుందని, ఆ ఊరి భాష ఆమెకు రాకపోవచ్చని ఢిల్లీలో కూర్చుని నియమాలు రాసిన మనిషికి తోచింది. ఈ ఒక్క ఏర్పాటుకే నేను ఆ మనిషికి చెయ్యెత్తి దండం పెడతాను.

మా వీధిలో అలాంటి అమ్మాయి ఒకామె ఉంది. మూడో నెలలో చేసిన రక్తపరీక్షలో ఆమెకు తలసీమియా మైనర్ అని తేలింది. ఆ పరీక్షను హెచ్‌పీఎల్‌సీ అంటారు. చుక్క రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను యంత్రం కొన్ని నిమిషాల్లో విడదీసి, కాగితం మీద చిన్నా పెద్దా శిఖరాల్లా గీసి ఇస్తుంది. ఏ2 అనే రకం మామూలుగా 3.5 శాతం లోపే ఉంటుంది. అది దాటి 4, 5 శాతం దాకా పోతే మైనర్ అని అనుమానం. మైనర్ అంటే జబ్బు కాదు. ఒంట్లో లోపమున్న జన్యువు ఒకటి, మంచిది ఒకటి ఉన్నాయని అర్థం. అలాంటివాళ్లు జీవితమంతా ఏ ఇబ్బందీ లేకుండా బతికేస్తారు. భర్తను పిలిపించి చూశారు, అతనూ మైనరే. ఇద్దరూ మైనర్ అయినప్పుడు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం బిడ్డకు తలసీమియా మేజర్ వచ్చేందుకు ఉంటుంది. మేజర్ అంటే రెండు నుంచి నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి, ఒంట్లో పేరుకునే ఇనుమును మందులతో తీస్తూ ఉండాలి. ఎముక మజ్జ మార్పిడి కుదిరితే తప్ప ఇది జీవితాంతం. బిడ్డ సంగతి తెలుసుకోవాలంటే పదకొండు నుంచి పదమూడు వారాల మధ్య మాయ నుంచి ఇసుమంత కణజాలం తీసి చూడాలి. దానికి ఈ ఫారం.

"అక్కా, నువ్వే జర సదివి చెప్పు" అంది ఆ అమ్మాయి. అత్త పక్కనే కూర్చుంది.

మొదటి వాక్యం: ఈ పరీక్ష వల్ల అప్పుడూ ఆ తర్వాతా రాగల ఇబ్బందులన్నీ నాకు పూర్తిగా వివరించారు. పరీక్ష వల్ల వచ్చే మంచి గురించి ఇక్కడ ఒక్క మాటా లేదు. ముందు నష్టం చెప్పాలి. గర్భం పోయే ప్రమాదం ఉంది, అది నూటికి ఒకటి లోపే అంటారు, చేసే చేతిని బట్టి ఉంటుంది. అది విన్న తర్వాతే మిగతా వాక్యాల్లోకి అడుగు పెట్టనిస్తుంది ఈ కాగితం.

రెండో వాక్యం: నా కడుపులో ఉన్న బిడ్డకు జబ్బో, లోపమో ఉండే అవకాశం తెలుసుకోవడానికి, నా మేలు కోరి నేనే ఈ పరీక్షకు ఒప్పుకుంటున్నాను. వంశం కోసమని లేదు, ఆరోగ్యవంతమైన జాతి కోసమని లేదు, ప్రభుత్వం ఖర్చు తగ్గించడానికని లేదు. ఇరవయ్యో శతాబ్దంలో మనుషుల పుట్టుకను ఎంపిక చేయబోయిన ప్రభుత్వాలు ఈ మూడింట్లో ఏదో ఒక కారణం చెబుతూ వచ్చాయి. ఇక్కడ కర్త ఆమె, కారణమూ ఆమెదే. పైగా తెలుసుకునేది 'అవకాశం' మాత్రమే. పరీక్ష తప్పొచ్చని, పూర్తిగా తేల్చలేకపోవచ్చని ఆ మాటలోనే ఇమిడి ఉంది.

మూడోది దీని గుండెకాయ. పరీక్షలో జబ్బు గానీ లోపం గానీ లేదని తేలితే గర్భం తీయించుకోనని మాట ఇస్తున్నాను.

నేసిన బట్టను వెలుగుకు ఎత్తిపట్టి పోగు పోగూ చూసే మనిషి ఈ వాక్యం దగ్గర కచ్చితంగా ఆగిపోతాడు. ఇది ఒక పక్కనే కడుతుంది. జబ్బు లేకపోతే ఏం చేయకూడదో చెప్పింది. జబ్బు ఉంటే ఏం చేయాలో చెప్పలేదు. తీయించుకుంటానని లేదు, ఉంచుకుంటానని లేదు, డాక్టరు సలహా ప్రకారం నడుచుకుంటానని కూడా లేదు. ఆ రెండో పక్క మొత్తం ఖాళీ. కాగితం రాసినవాళ్లు మరిచిపోయి వదిలేసిన ఖాళీ కాదని నా నమ్మకం. అక్కడ ఏ మాట రాసినా అది ఆమె మీద ఆజ్ఞ అవుతుంది. తలసీమియాతో ముప్ఫై ఏళ్లు దాటి చదువుకుని, ఉద్యోగం చేస్తున్నవాళ్లు మన మధ్య ఉన్నారు. హైదరాబాద్‌లో తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ అలాంటి పిల్లలకు ఏళ్లుగా రక్తం ఎక్కిస్తోంది. వాళ్లలో ఒకరు ఈ ఫారం చదివితే, తనలాంటి బతుకు వద్దని తీర్పు చెప్పే వాక్యం ఒక్కటీ కనపడదు. అదే సమయంలో, అంత భారం మోయలేనని ఒక తల్లి అనుకుంటే ఆమెను నిలదీసే వాక్యం కూడా కనపడదు.

ఈ ఖాళీ విలువ తెలియాలంటే అదే ఏడాది పక్క దేశంలో ఏం రాశారో చూడాలి. మన చట్టం 1994 సెప్టెంబరు 20 నాటిది. నెల దాటి సరిగ్గా వారానికి, అక్టోబరు 27న, చైనా తల్లీబిడ్డల ఆరోగ్య చట్టం చేసింది. పెళ్లికి ముందు వైద్య పరీక్ష ఉండాలంది. సంతానానికి తగదని తేలిన తీవ్రమైన జన్యు వ్యాధి ఉంటే, దీర్ఘకాలం గర్భనిరోధకాలు వాడడానికో, ఆపరేషన్ చేయించుకోవడానికో ఇద్దరూ ఒప్పుకుంటేనే పెళ్లి చేసుకోవచ్చంది. గర్భంలోని బిడ్డకు తీవ్రమైన లోపం కనిపిస్తే గర్భం తీసేయమని డాక్టరు సలహా ఇవ్వాలని రాసింది. మనం ఖాళీగా వదిలిన పక్కనే అక్కడ నింపారు. పెళ్లికి ముందు పరీక్ష తప్పనిసరి అన్న షరతును 2003లో చైనాయే సడలించుకుంది. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చదివితే, మన కాగితం ఎంత ఆలోచించి నోరు కట్టుకుందో అర్థమవుతుంది.

నాలుగో వాక్యం: గర్భంలో ఉన్నది ఆడో మగో నాకు చెప్పరని నాకు తెలుసు. ఇది డాక్టరు ఇచ్చే హామీలా రాయొచ్చు. కానీ ఆమె నోటితో చెప్పించారు. ఇంటికి వెళ్లాక ఎవరైనా "డాక్టరమ్మ ఏమన్నది, సైగ చేసి చెప్పలేదా" అని గుచ్చి గుచ్చి అడిగితే, నేను సంతకం పెట్టొచ్చాను, చెప్పరు అని ఆమె తప్పించుకోవచ్చు. చట్టంలో ఐదో సెక్షనే డాక్టరుకు వేరేగా చెప్పింది: మాటతో గానీ సైగతో గానీ మరే విధంగా గానీ చెప్పకూడదు. స్వీట్లతో, వేళ్లతో, సంతకం పెట్టే రోజును బట్టి చెప్పిన రోజులు మన దేశంలో ఉన్నాయి కాబట్టి ఆ 'మరే విధంగా' అన్నది రాయాల్సి వచ్చింది.

ఇక్కడ అత్త కలగజేసుకుంది. "అయితే పిలగాడో పిల్లనో చెప్పనే చెప్పరంటనా?"

"చెప్పరు పెద్దమ్మా. అడిగినా తప్పే."

ఆమె కాసేపు ఊరుకుని, "మరి నేను ఏలిముద్ర యాడ పెట్టాలె?" అంది.

పెట్టే చోటు లేదు. ఈ ఫారం పనితనంలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. భర్త సంతకానికి గీత లేదు, మామకు లేదు, అత్తకు లేదు. కింద డాక్టరు ఇచ్చే ధ్రువీకరణలో, పై విషయమంతా ఆమెకూ వెంట వచ్చిన మనిషికీ వాళ్లకు అర్థమయ్యే భాషలో వివరించానని రాసి, ఆ వచ్చిన మనిషి పేరు, చిరునామా, ఆమెకు ఏమవుతారో నింపాలి. వెంట వచ్చినవాళ్లు వినాలి, ఎవరో కాగితం మీద నమోదు కావాలి, అంతవరకే. ఒప్పుకునే హక్కు మాత్రం ఒక్క మనిషిది. ఇంటి నిర్ణయాలన్నీ నలుగురూ కూర్చుని చేసే మన కుటుంబాల్లో ఆ నలుగురినీ బయటికి పంపకుండా, గదిలో ఉంచి, కలం మాత్రం ఒకరి చేతికే ఇచ్చారు. అత్తకు కూడా అది అవమానంగా తోచలేదు. ఆమె పేరు నేను రాస్తుంటే ఇంటిపేరు సరిగ్గా పడిందా అని రెండుసార్లు అడిగింది.

ఐదో వాక్యం మాత్రం నాకు గుచ్చుకుంటుంది. ఈ మాట తప్పితే చట్టప్రకారం శిక్షకు లోబడతానని ఆమెతో రాయించుకుంటారు. అదే చట్టం ఇంకోచోట చాలా దయగా ఆలోచించింది. గర్భిణి లింగ పరీక్ష చేయించుకుందంటే భర్తో బంధువులో బలవంతపెట్టి ఉంటారనే కోర్టు అనుకోవాలని, కాదని రుజువు చేసుకోవాల్సింది వాళ్లేనని 24వ సెక్షన్ చెబుతుంది. అలా బలవంతానికి లోనైన ఆమెకు శిక్ష వర్తించదని 23వ సెక్షన్ చెబుతుంది. చట్టంలో ఉన్న ఆ దయ ఫారంలో బెదిరింపుగా మారి ఆమె ముందుకొచ్చింది. సంతకం పెట్టబోయే అమ్మాయికి 24వ సెక్షన్ తెలియదు, ఎదురుగా ఉన్న ఐదో వాక్యమే తెలుస్తుంది. మూడో వాక్యంలోనూ ఒక చిక్కుంది. జబ్బుతో నిమిత్తం లేని కారణాలతో కూడా గర్భం వద్దనుకునే అవకాశం 1971 నాటి గర్భవిచ్ఛిత్తి చట్టం ఆమెకు ఇచ్చింది. పరీక్షకు ఒప్పుకున్నందుకు ఆ అవకాశాన్ని వదులుకున్నట్టు మాట ఇప్పించుకోవడం న్యాయమేనా? ఈ రెండు చోట్లా అల్లిక వదులైంది. విప్పి మళ్లీ అల్లాలి.

పోతే, ఫారం-జి చేరుకునే నాటికే ఆలస్యమైపోతుందని వాదించేవాళ్లున్నారు. పెళ్లికి ముందే పరీక్ష చేస్తే ఈ బాధే ఉండదు కదా అంటారు. దక్షిణ గుజరాత్ ఈ పనిలో ముందున్న చోటు. ఇక్కడి ఆదివాసీ జిల్లాల్లో, తలసీమియాలాగే జన్యువుల ద్వారా వచ్చే రక్తవ్యాధి సికిల్ సెల్ మీద దశాబ్దాలుగా పనిచేసిన వల్సాడ్ డాక్టర్ యజ్దీ ఇటాలియాకు 2024లో పద్మశ్రీ వచ్చింది. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ ఏడు కోట్ల మందిని పరీక్షించి, ఫలితం రాసిన కార్డులు ఇవ్వాలని పెట్టుకుంది. జాతకాలు చూసినట్టే కార్డులూ చూసుకోండి అన్న ప్రచారం అప్పట్నుంచీ వింటున్నాం. మన తెలుగు ఇళ్లలో మేనరికం ఉంది కాబట్టి ఈ మాట మనకు ఇంకా సూటిగా తగులుతుంది. ఒక మనిషికి తలసీమియా జన్యువు ఉంటే, అతని మేనమామ కూతురికి అదే జన్యువు ఉండే అవకాశం ఎనిమిదింట ఒకటి. అక్క కూతురినే చేసుకుంటే నాలుగింట ఒకటి. దేశం మొత్తం మీద చూస్తే బయటి సంబంధంలో ఆ అవకాశం నూటికి మూడు, నాలుగు. గుజరాతీ కౌన్సెలర్లకు మేనరికం వింతగా ఉంటుంది. ఆ వింత ముఖంలో కనపడితే అవతలి అమ్మాయి తలదించుకుంటుంది, ఇక ఏమీ అడగదు. పరీక్ష ఫలితం చెప్పే మనిషి ముఖం కూడా ఈ పనితనంలో భాగమే.

కార్డుల దారిలో ఇంకో గొయ్యి ఉంది. గ్రీసులోని ఓర్ఖోమెనోస్ గ్రామంలో సికిల్ సెల్ జన్యువు ఎక్కువ. అక్కడా పెళ్లిళ్లు పెద్దలు కుదిర్చేవే. ఊరందరికీ పరీక్ష చేసి ఫలితాలు చెప్పి, కొన్నేళ్ల తర్వాత వెళ్లి చూశారు. జన్యువున్న పిల్లల్ని సంబంధాల్లో చిన్నచూపు చూస్తున్నారు, కొందరు ఆ సంగతే దాచిపెడుతున్నారు. ఇద్దరికీ జన్యువున్న పెళ్లిళ్లు, పరీక్షే జరగకపోతే ఎన్ని జరిగి ఉండేవో దాదాపు అన్నే జరిగాయి. మచ్చ మిగిలింది, లాభం మిగల్లేదు. మన దగ్గర సంబంధం చెడగొట్టడానికి ఒక్క మాట చాలు, అది కూడా ఆడపిల్ల మీదికే ముందు వస్తుంది. అందుకే కార్డు పదిమందిలో తిరిగే వస్తువు కాకూడదు. ఫారం-జిలో సమ్మతి ఆమెది, నకలు ఆమె చేతికే. ఆ జాగ్రత్త కార్డుల్లోకీ రావాలి.

మరి జబ్బు కాని వాటి సంగతి? రంగు, పొడవు, తెలివి? గర్భంలో పరీక్ష ఏ కారణాలకు చేయవచ్చో నాలుగో సెక్షన్ వరుసగా చెప్పింది. క్రోమోజోముల లోపాలు, జన్యు సంబంధమైన మెటబాలిక్ వ్యాధులు, హిమోగ్లోబిన్ వ్యాధులు, లింగంతో ముడిపడిన జన్యు వ్యాధులు, పుట్టుకతో వచ్చే లోపాలు, ఆపైన కేంద్ర పర్యవేక్షక మండలి చేర్చేవి. 2021లో వచ్చిన కృత్రిమ గర్భధారణ పద్ధతుల చట్టం (ఏఆర్‌టీ చట్టం) టెస్ట్‌ట్యూబ్ పిండాలకూ ఇదే హద్దు గీసింది: తెలిసిన జన్యు వ్యాధులను చూడటానికే పరీక్ష, లింగ ఎంపిక నేరం. అమెరికాలో కొన్ని కంపెనీలు ఇప్పటికే పిండాలకు పొడవు, తెలివితేటల అంచనాలు కట్టి అమ్ముతున్నాయి. లింగ ఎంపికకు కూడా అక్కడ అడ్డు చెప్పే జాతీయ చట్టం లేదు. మనవాళ్లు లక్షలాదిగా ఉన్న దేశం అది. తెల్లగా ఉండే కోడలి కోసం మనం పెట్టే ప్రకటనలు తెలిసినవాళ్లెవరూ ఆ అంగడి మన దాకా వస్తే గిరాకీ ఉండదని అనుకోలేరు. 'పుట్టుకతో వచ్చే లోపాలు' అన్న మాట సాగదీస్తే సాగుతుంది, దాన్ని ఎంతవరకు సాగనివ్వాలో పోట్లాడాల్సిన రోజులు ముందున్నాయి. ఫారం-జి రెండో వాక్యంలో జబ్బు, లోపం అనే మాటలు తప్ప కోరికకు చోటు లేకపోవడం ఇవాళ్టికి మనకున్న గట్టి కంచె.

కాగితం ఎంత బాగా రాసినా చదివే కళ్లు లేకపోతే పనికిరాదు. అల్ట్రాసౌండ్ చేసిన ప్రతి గర్భిణికీ నింపాల్సిన ఫారం-ఎఫ్ అని ఇంకోటుంది. హైదరాబాద్ కలెక్టర్‌గా ఉన్నప్పుడు అర్వింద్ కుమార్ ఆ ఫారాలను తెప్పించుకుని, ఏ గడి ఖాళీగా ఉందో, ఏ లెక్క పొసగడం లేదో పరిశీలన చేయించారు. స్కానింగ్ సెంటర్లకు నోటీసులు వెళ్లాయి, యంత్రాలకు సీళ్లు పడ్డాయి. దాడులూ గూఢచారులూ లేకుండా ఖాళీ గడులే సాక్ష్యం చెప్పాయి. ఫారం-జిని కూడా ఎవరైనా అలా తెప్పించుకుని చూడాలి. ఫారం ఏ భాషలో ఉంది? వెంట వచ్చిన మనిషి పేరు ఉందా? ఆమెకు నకలు ముట్టిందా?

ఆ రోజు ఆ అమ్మాయి నకలు అడిగి తీసుకుంది. పరీక్షలో ఏం వచ్చిందో, తర్వాత ఆమె ఏం చేసిందో ఇక్కడ రాయను, అది ఆమె సంగతి. నేను అడిగేది ఒక్కటే. నియమం అనుమతిస్తోంది కాబట్టి, తెలుగు బడులు నడిపే ఈ ఊళ్లో ఫారం-జి తెలుగు ప్రతిని గుజరాత్ ప్రభుత్వం అచ్చువేయించి ప్రతి జెనెటిక్ క్లినిక్‌కూ పంపాలి. ఒడియా ప్రతి కూడా పంపాలి, ఈ మగ్గాల మీద వాళ్లు మనకన్నా ఎక్కువమంది ఉన్నారు. ఇంటి పక్కన చదివి చెప్పేవాళ్లు దొరికారా లేదా అన్నదాని మీద ఒక ఆడమనిషి సమ్మతి ఆధారపడకూడదు.